అందినదని రాస్తే నమోదైనట్లు కాదు

(దర్శిలో జరిగిన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నప్పుడు, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడతాననుకుని ఉంటారు. ఆ విషయం మాట్లాడడానికి నాకంటే గొంతున్న వారు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను కంప్యూటర్ల గురించి మాట్లాడదామని వచ్చాను. అప్పుడే ముందు వరసలో ఒకరిద్దరు కండువాలు సర్దుకుంటున్నారు. లేవవద్దని మనవి. ఇది కంప్యూటరుతో మొదలై మన పెన్షను కాగితాల దగ్గరికే వచ్చి ఆగుతుంది. మధ్యలో నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. దానిని మీ అందరి ముందు చెప్పాలనే ఈ అవకాశం తీసుకున్నాను.

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. 2009లో పదవీ విరమణ చేశాను. ఇప్పుడు నాకు డెబ్బై నాలుగేళ్లు. మధ్యలో ముప్పై ఆరేళ్లు తపాలు, ఇన్వర్డు, పర్సనల్ రిజిస్టరు, నోటుఫైలు, కరెంటుఫైలు, వీటితోనే గడిచింది. నాకు తెలిసిన విద్య అదొక్కటే. అందుచేత కంప్యూటరును కూడా నేను ఆ కళ్లతోనే చూస్తాను.

రిటైరైన తరువాత రెండేళ్లు ఇంట్లో కూర్చుంటే తోచలేదు. మన ప్రాంతంలోనే ఒక ప్రైవేటు కళాశాలలో రికార్డులు చూసే పనికి కుదిరాను. ఆ ఆఫీసులో కంప్యూటర్లన్నీ తీగలతో ఒకదానికొకటి కలిపి ఉండేవి. అన్నిటికీ పెద్దగా సర్వరు అనే యంత్రం ఒక గదిలో ఉండేది. నా బల్ల మీద యంత్రానికి ‘రికార్డ్స్’ అని పేరు పెట్టారు. పిల్లల సర్టిఫికెట్ల నకళ్లు, ఫీజు రీయింబర్సుమెంటు కాగితాలు అన్నీ అందులో ఉండేవి. ప్రిన్సిపాలు గారి గదిలోంచి గానీ, అకౌంట్సు సెక్షను నుంచి గానీ ‘రికార్డ్స్’ అని పిలిస్తే నా యంత్రంలోని కాగితం వాళ్లకు కనిపించేది.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. పేర్లు మన సౌకర్యం కోసం. యంత్రాలకు కావలసింది అంకెలు. ప్రతి కంప్యూటరుకూ ఒక అంకెల చిరునామా ఉంటుంది. మనం పేరు చెబితే, ఆ పేరుకు ఏ అంకె అని చూసి చెప్పే ఒక రిజిస్టరు సర్వరులో ఉంటుంది. దానినే డి.ఎన్.ఎస్. అంటారు. మన ఊరు ఉంది. దర్శి అని మనం అంటాం, తపాలా వారికి 523247 అంటే తేలిక. అలాంటిదే ఇది.

పేరుకూ చిరునామాకూ తేడా వస్తే ఏమవుతుందో మన ఊరివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. దర్శి తాలూకా ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చాం. దానికి 1972లో ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా ‘దర్శి, నెల్లూరు జిల్లా’ అని రాసిన కవర్లు వస్తుండేవి. జిల్లా మారి మూడేళ్లయినా రాసేవారి పుస్తకంలో పాత చిరునామానే ఉంది. కవరు ముందు నెల్లూరు వెళ్లి, తిరిగి మన దగ్గరికి వచ్చేది. ఊరు ఎక్కడికీ కదలలేదు. పుస్తకంలో రాత మారలేదు, అంతే.

కంప్యూటర్ల లోకంలో కూడా మొదట్లో ఇదే అవస్థ. అమెరికాలో 1969లో మొదలైన ఆర్పానెట్ అనే నెట్‌వర్కులో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ ఆధ్వర్యంలోని ఆఫీసు ఆ జాబితా చూసేది. కొత్త యంత్రం వచ్చినా, చిరునామా మారినా ఆ ఆఫీసుకు తెలియజేయాలి. వాళ్లు జాబితాలో రాస్తారు. మిగతావాళ్లు ఆ జాబితా నకలు తెచ్చుకోవాలి. మన సెంట్రల్ రిజిస్ట్రీ పద్ధతే. యంత్రాలు పెరిగేసరికి ఒక్క ఆఫీసు వల్ల కాలేదు. 1983లో పాల్ మోకపెట్రిస్ అనే శాస్త్రజ్ఞుడు ఈ డి.ఎన్.ఎస్. పద్ధతి తయారుచేశారు. ఎవరి పరిధిలోని పేర్లు వాళ్లే చూసుకునే ఏర్పాటు అది. జిల్లా రిజిస్టరు జిల్లాలో, మండలం రిజిస్టరు మండలంలో అన్నట్లు.

అయినా రాసే పని మనిషిదే. 1997లో ఇంకొక మెట్టు ఎక్కారు. యంత్రం తన పేరూ చిరునామా తానే వెళ్లి రిజిస్టరులో రాయించుకునే పద్ధతికి నియమాలు వచ్చాయి. 2000లో వచ్చిన విండోస్ నుంచి అది మామూలు ఆఫీసు కంప్యూటర్లలోకీ వచ్చింది. స్విచ్ వేయగానే యంత్రం లేస్తుంది, తనకిచ్చిన అంకె తీసుకుంటుంది, ‘నా పేరు ఫలానా, నా చిరునామా ఫలానా’ అని రిజిస్టరులో రాయించుకుంటుంది. చిరునామా మారితే మళ్లీ రాయిస్తుంది. మారకపోయినా మామూలుగా 24 గంటలకొకసారి ‘నేనున్నాను’ అని చెబుతుంది. మనం ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తాం. అది రోజూ ఇస్తుంది.

ఇక జరిగిన సంగతికి వస్తాను. 2012లో ఒక వానాకాలం రాత్రి ఉరుములు, మెరుపులు. కరెంటు ఎక్కువై నా బల్ల మీది యంత్రం కాలిపోయింది. అందులోని కాగితాల నకలు సర్వరులో ఉండబట్టి బతికిపోయాం. మా సిస్టమ్సు చూసే కుర్రవాడు మరునాటి సాయంత్రానికి కొత్త యంత్రం తెచ్చి, కాగితాలన్నీ అందులో పెట్టి, ‘రికార్డ్స్’ అనే పేరే దానికి పెట్టాడు. నా బల్ల దగ్గర అంతా బాగానే ఉంది.

తెల్లవారి అకౌంట్సు సెక్షను నుంచి కేక. ‘రికార్డ్స్’ దొరకడం లేదు. ప్రిన్సిపాలు గారి గదిలోనూ అంతే. ఆ రోజు సాయంత్రం ఐదు గంటలకు ఫీజు రీయింబర్సుమెంటు జాబితా పంపవలసిన ఆఖరి గడువు. నూట యాభై మందికి పైగా పిల్లల పేర్లున్నాయి అందులో. సగం మంది మన చుట్టుపక్కల పల్లెల పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులు మిరప, పత్తి కౌలు చేసుకునేవాళ్లు. ఆ డబ్బు రాకపోతే చదువు ఆగిపోయే ఇళ్లు కొన్ని నాకు తెలుసు.

కుర్రవాడు వచ్చాడు. “బాబాయ్ గారూ, కంగారుపడకండి, ఒక్కొక్కటే చూద్దాం” అన్నాడు. నాకు వాడి పద్ధతి నచ్చింది. మన పాత సూపరింటెండెంట్లు కనపడని ఫైలును వెతికించినట్లే వెతికాడు.

మొదట అకౌంట్సు యంత్రం దగ్గర కూర్చుని నా యంత్రాన్ని పేరుతో కాక అంకెతో పిలిచాడు. పలికింది. అంటే యంత్రం బతికే ఉంది, తీగ బాగానే ఉంది. తరువాత పేరుతో పిలిచాడు. పేరు వేరే అంకెకు పోయింది. ఎవరిదా అని చూస్తే అది కాలిపోయిన యంత్రం చిరునామా. కొత్త యంత్రం వచ్చింది, దానికి కొత్త అంకె వచ్చింది. కానీ రిజిస్టరులో పాత అంకెే నిలిచి ఉంది. పోయిన మనిషి ఇంటికి జవాబులు పంపుతున్నట్లు ఉంది వ్యవహారం.

“అది తనంతట తానే రాయించుకుంటుందని చెప్పావు గదా నాయనా?” అని అడిగాను.

“రాయించుకోవాలి బాబాయ్ గారూ. ఎందుకు రాయించుకోలేదో చూడాలి” అన్నాడు.

రెండవది, నా యంత్రం ఏ రిజిస్టరు దగ్గరికి వెళుతున్నదో చూశాడు. నల్లటి తెర తెరిచి ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్’ అని కొడితే వివరాలన్నీ వచ్చాయి. అందులో డి.ఎన్.ఎస్. సర్వరు అన్న చోట మా ఆఫీసు సర్వరు అంకె ఉండాలి. బయటి ఇంటర్నెట్టు వాళ్ల అంకె ఉంది. అంటే మన మండలంలో ఇవ్వవలసిన దరఖాస్తును తీసుకెళ్లి వేరే రాష్ట్రంలో ఇచ్చినట్లు. వాళ్లు మన పేరు ఎందుకు రాస్తారు? ఇలాంటి చిక్కుల్లో ఎక్కువసార్లు కనిపించే తప్పు ఇదేనట. దానిని సరిచేశాడు.

మూడవది, నెట్‌వర్కు అమరికల లోపల ఒక చిన్న గడి ఉంటుంది. ఈ చిరునామాను డి.ఎన్.ఎస్.లో నమోదు చేయించు అని దాని అర్థం. దానిలో టిక్కు ఉండాలి. ఉంది. పేరు చివర ఉండే తోక, అంటే మనకు ఇంటిపేరులాంటిది, అది కూడా అక్షరం తప్పకుండా ఉందో లేదో చూశాడు. మన ఊరినే కొందరు దర్శి అనీ, కొందరు దరిశి అనీ రాస్తారు. మనకు రెండూ ఒకటే. యంత్రానికి అవి రెండు ఊళ్లు.

నాలుగవది, ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిజిస్టర్ డి.ఎన్.ఎస్.’ అని కొట్టాడు. ఇప్పుడే వెళ్లి నమోదు చేయించుకో అని యంత్రానికి చెప్పే మాట అది. వెంటనే తెర మీద జవాబు వచ్చింది. నేను సంతోషించి, “అయిపోయినట్లేనా?” అన్నాను.

వాడు నవ్వి, “దాన్ని జాగ్రత్తగా చదవండి బాబాయ్ గారూ” అన్నాడు.

చదివాను. నమోదు పని మొదలైందని, ఏమైనా పొరపాట్లుంటే 15 నిమిషాల్లో వేరే చోట, ఈవెంట్ వ్యూయర్ అనే పుస్తకంలో రాస్తామని అందులో ఉంది. అయిందని ఎక్కడా లేదు. మొదలైందని మాత్రమే ఉంది. మీ దరఖాస్తు అందినది, అంతే.

ఆ జవాబు చదివాక నాకు నోట మాట రాలేదు. ఎందుకో తరువాత చెబుతాను.

టీ తాగి వచ్చి చూశాం. రిజిస్టరులో పాత అంకె అలాగే ఉంది. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, సర్వరు మన దరఖాస్తును తిరస్కరించిందని రాసి ఉంది. తెర మీద ఎవరికీ చెప్పలేదు. ఎవరూ తెరవని పుస్తకంలో రాసి ఊరుకుంది.

కారణం ఇది. ఎవరుబడితే వారు వచ్చి ఇంకొకరి పేరు మీద తమ చిరునామా రాసుకోకుండా సర్వరు ఒక కట్టుదిట్టం పెట్టుకుంటుంది. ఒక పేరును మొదట ఎవరు రాయించారో వాళ్లే దానిని మార్చగలరు. కాలిపోయిన యంత్రం రాయించిన పేరును అదే మార్చాలి. కుర్రవాడు కొత్త యంత్రం పెట్టేటప్పుడు పాతదాని ఖాతా కొట్టేసి అదే పేరుతో కొత్త ఖాతా తెరిచాడు. మనకు పేరు ఒకటే. కానీ పేరు వెనక సర్వరు తనకు మాత్రమే తెలిసేలా ఒక గుర్తింపు సంఖ్య రాసుకుంటుంది. అది మారిపోయింది. కొత్త యంత్రం వచ్చి ‘నేను రికార్డ్స్‌ను’ అంటే, ‘నువ్వు కాదు, ఈ పేరు వేరేవాళ్లది’ అని సర్వరు పంపేసింది. ఆ వేరేవాళ్లు కాలి బూడిదై ఉన్నారు. చనిపోయినవారు వచ్చి సంతకం పెడితే గానీ మార్చం అన్నట్లుంది.

గడియారం చూస్తే మధ్యాహ్నం రెండు దాటింది. నేను అడిగాను, “పోనీ, తాత్కాలికంగా ఆ రెండు యంత్రాల్లో కొత్త అంకె రాసి పెట్టకూడదా?” అని. హోస్ట్స్ అనే ఒక ఫైలు ప్రతి యంత్రంలోనూ ఉంటుంది. అందులో పేరు, అంకె చేత్తో రాయవచ్చు. పాతకాలపు జాబితా పద్ధతి మిగిలిన ఆనవాలు అది. వాడు, “రాయొచ్చు బాబాయ్ గారూ. ఈ రోజు గడుస్తుంది. రేపు అంకె మళ్లీ మారితే, ఇక్కడ చేత్తో రాశామన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. అప్పుడు ఇంకా పెద్ద చిక్కు” అన్నాడు. ఇరవై ఆరేళ్ల కుర్రవాడికి ఆ బుద్ధి ఉంది. రిజిస్టరు దిద్దకుండా పైన కాగితం అతికించడం ఎంత చేటో మనకు తెలియనిదా?

సర్వరు గదిలోకి వెళ్లి, అధికారం ఉన్న ఖాతాతో రిజిస్టరు తెరిచి, పాత పేరును కొట్టేశాడు. నా యంత్రం దగ్గరికి వచ్చి నమోదు ఆజ్ఞ మళ్లీ ఇచ్చాడు. ఈసారి నేనే సర్వరు గదిలో నిలబడి చూశాను. ‘రికార్డ్స్’ అని, కొత్త అంకెతో, పేరు వచ్చింది. అయినా అకౌంట్సు వాళ్లకు ఇంకా దొరకలేదు. ఆ యంత్రం పాత జవాబును కొంతసేపు జ్ఞాపకం పెట్టుకుంటుందట. మామూలుగా 20 నిమిషాలు. అంతసేపు ఆగకుండా ‘ఫ్లష్ డి.ఎన్.ఎస్.’ అనే ఆజ్ఞతో దాని జ్ఞాపకం తుడిపించాడు. వెంటనే దొరికింది. నాలుగున్నరకు జాబితా వెళ్లిపోయింది. పిల్లల పేర్లు ఒక్కటీ పోలేదు.

ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చి అన్నం తినలేకపోయాను. మా ఇంటావిడ ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగాలేనిది ఒళ్లు కాదు. ఆ తెర మీద చదివిన జవాబు నేను పాతికేళ్ల కిందట నా చేత్తో రాసినదే.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. మీలో చాలామంది ఆ రోజులు చూసినవారే. ఫైళ్లు, సర్వీసు రిజిస్టర్లు గోతాల్లో కట్టి ఒక చోటి నుంచి ఒక చోటికి తరలించాం. ఏది ఎక్కడుందో తెలియని పరిస్థితి రెండు మూడేళ్లు నడిచింది. 1987లో నేను ఒక ఆఫీసులో ఎస్టాబ్లిష్‌మెంటు సీటు చూస్తున్నాను. మా సహోద్యోగి ఒకాయన, నెమ్మదస్తుడు, మొదటి భార్య చనిపోతే రెండేళ్లకు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. కుటుంబ వివరాల్లో కొత్త భార్య పేరు రాయమని కాగితం తెచ్చి ఇచ్చారు. నేను తీసుకున్నాను. ఆయన నకలు మీద ‘అందినది’ అని రాసి, తేదీ వేసి, పొట్టి సంతకం పెట్టి ఇచ్చాను. అసలు కాగితాన్ని సర్వీసు రిజిస్టరులో ఎక్కించవలసిన కట్టలో పెట్టాను. ఆ కట్ట రోజూ పెరుగుతూ ఉండేది. ఆరు నెలల తరువాత నాకు బదిలీ అయింది. చార్జి అప్పగించేటప్పుడు ఆ కట్టను కట్టగానే అప్పగించాను. అందులో ఏమేమి పెండింగులో ఉన్నాయో జాబితా రాయలేదు.

ఆయన నిశ్చింతగా ఉన్నారు. ఉండరా మరి? చేతిలో ఆఫీసు సంతకంతో నకలు ఉంది. పని అయిపోయిందనుకున్నారు.

1993లో ఆయన ఉద్యోగంలో ఉండగానే గుండెపోటుతో పోయారు. భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. ఫ్యామిలీ పెన్షనుకు కాగితాలు పెట్టుకుంటే, సర్వీసు రిజిస్టరులో మొదటి భార్య పేరే ఉంది. పోయిన ఆవిడ పేరు నిలిచి ఉంది, బతికున్న ఆవిడ పేరు లేదు. కాగితాలు తిరిగి వచ్చాయి. పెళ్లి రుజువు తెమ్మన్నారు, మొదటి భార్య మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు, వారసత్వ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఒకటి తెస్తే ఇంకొకటి. పద్నాలుగు నెలలు తిరిగింది ఆమె. ఎవరినీ తప్పుపట్టలేం. వాళ్లు రిజిస్టరులో ఉన్నదే చూస్తారు.

ఆ పద్నాలుగు నెలల్లో ఆమె మెడలోవి, చేతులవి అమ్ముకుంది. తరువాత మిరపకాయల కోతకు కూలికి వెళ్లింది. ప్రభుత్వోద్యోగి భార్య. నాకు ఈ సంగతి తెలియదు, అప్పటికి నేను వేరే చోట పని చేస్తున్నాను. చివరికి ఆయన ట్రంకు పెట్టెలో అడుగున ఆ నకలు దొరికింది. దాని మీద పొట్టి సంతకం ఎవరిదని విచారించుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

నా సంతకం నేను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? ‘కాగితం అందిన మాట నిజం, సర్వీసు రిజిస్టరులో ఎక్కించకపోవడం నా పొరపాటు’ అని రాసి ఇచ్చాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను. అది రావలసిందే. మూడు నెలల్లో ఆమెకు పెన్షను మంజూరైంది, బకాయిలూ వచ్చాయి. ఆ బకాయిలు అప్పుల వడ్డీలకే చాలలేదని తరువాత తెలిసింది.

ఒకసారి ఆమె ఇంటికి వెళ్లాను. క్షమించమని అడగాలని వెళ్లాను గానీ నోరు రాలేదు. ఆమె మంచినీళ్లు ఇచ్చి, “అప్పుడే ఆ ఒక్క ముక్కా రాసి ఉంటే అయిపోయేది గదన్నా” అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

అందుకే ఆ రోజు కంప్యూటరు తెర మీద ‘నమోదు మొదలైంది’ అన్న మాట చూసి నాకు మాట రాలేదు. మనిషి చేసిన పొరపాటునే యంత్రమూ చేయగలదు. మనిషి చేస్తే కనీసం పొట్టి సంతకం దొరుకుతుంది.

సోదరులారా, ఇక మన సంగతి. ఇప్పుడు మన పెన్షను వ్యవహారమంతా కంప్యూటర్ల మీదే నడుస్తున్నది. తనంతట తానే అయిపోతుందని అందరూ చెబుతున్నారు. చాలావరకు అవుతున్నది కూడా. నేను కంప్యూటరుకు వ్యతిరేకిని కాను. అది కాకపోయినప్పుడు మనకు తెలియదు, దానితోనే చిక్కు. కాబట్టి ఆ కుర్రవాడు వెతికిన వరసలోనే మీకు నాలుగు మాటలు మనవి చేస్తాను.

మొదటిది, పి.పి.ఓ. బయటికి తీసి చదవండి. అందులో భార్య లేక భర్త పేరు ఉందా, పుట్టిన తేదీ ఉందా? ఆ పేరు ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో అక్షరం తప్పకుండా అలాగే ఉందా? పుట్టింటి ఇంటిపేరు ఒక చోట, అత్తింటి ఇంటిపేరు ఒక చోట ఉంటే మనకు ఒకే మనిషి, యంత్రానికి ఇద్దరు. దర్శి, దరిశి సంగతే.

రెండవది, సరైన చోటికి వెళ్లండి. బ్యాంకులో ఫోను నంబరు మార్చుకుంటే పెన్షను ఆఫీసులో మారినట్లు కాదు. ఆధార్‌లో చిరునామా మార్చుకుంటే పి.పి.ఓ.లో మారినట్లు కాదు. ఏ రిజిస్టరు ఎవరి చేతిలో ఉందో వారికే కాగితం ఇవ్వాలి. మా యంత్రం బయటివాళ్ల దగ్గర పేరు రాయించుకోబోయిన సంగతి గుర్తుంచుకోండి.

మూడవది, అందినదన్న చీటీ భద్రంగా దాచండి, కానీ దానితో ఆగకండి. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ పద్ధతి వచ్చింది. వేలిముద్రతో లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తున్నాం. వేళ్లు అరిగిపోయినవాళ్లకు 2021 నవంబరులో ముఖం చూపించి ఇచ్చే సౌకర్యం కూడా వచ్చింది. వేలిముద్ర పడగానే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు వస్తే సర్టిఫికెట్టు తయారైనట్లు. మీకు పెన్షను ఇచ్చే ఆఫీసు దానిని తీసుకున్నదా, తిప్పి పంపిందా అన్నది వేరే సంగతి. పి.పి.ఓ. నంబరులో ఒక్క అంకె తప్పు పడినా, ఆఫీసు పేరు తప్పు ఎంచుకున్నా అది తిరిగిపోవచ్చు. వారం పది రోజులాగి, అంగీకరించారా లేదా అని చూడండి. మీకు చేతకాకపోతే మనవడి చేత చూపించండి.

నాలుగవది, పోయినవారి పేర్లు. సర్వరులో పాత పేర్లను ఏరివేసే ఏర్పాటు ఒకటి ఉంది. ఏడు రోజులు, ఆపైన మరో ఏడు రోజులు ఏ అలికిడీ లేని పేర్లను తీసేస్తుంది. కానీ దానిని ఎవరైనా ఆన్ చేసి ఉంచాలి. మామూలుగా అది ఆఫ్‌లోనే ఉంటుందట. మన సంఘం సభ్యుల పట్టికలో కూడా దివంగతులైన వారికి సంక్రాంతి శుభాకాంక్షలు పోస్టు చేశాం. ఆ కవరు అందుకున్న ఇంట్లో వారి మనసు ఎలా ఉంటుందో ఆలోచించండి. అంతకంటే ముఖ్యం, భార్య గానీ భర్త గానీ పోతే ఆ సంగతి పెన్షను ఆఫీసుకు, బ్యాంకుకు కాగితం మీద తెలియజేయాలి. పాత పేరు తనంతట తాను తొలగిపోదు. అది ఉన్నంతకాలం కొత్త పేరుకు చోటుండదు.

ఇక్కడ కూర్చున్న ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మీ వారు బతికి ఉండగానే, ఈ రోజు ఇంటికి వెళ్లి, ఆ పెట్టె తాళం చెవి ఎక్కడుందో, పి.పి.ఓ. ఎక్కడుందో అడగండి. అడగడానికి మొహమాటపడకండి. ‘ఇప్పుడెందుకు ఆ మాటలు’ అని ఆయన కసురుకుంటే, ఫలానా గుమాస్తా చెప్పమన్నాడని చెప్పండి.

అధ్యక్షుల వారి అనుమతితో ఒక కోరిక. ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున పది గంటల నుంచి నేను మన సంఘం గదిలో కూర్చుంటాను. పి.పి.ఓ., ఆధార్, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి. మూడింట్లో పేర్లు పక్కపక్కన పెట్టి చూద్దాం. తేడా ఉంటే దరఖాస్తు నేనే రాసి పెడతాను. దానికి ఒక రిజిస్టరు పెట్టాను. అందులో ‘ఇచ్చిన తేదీ’ అని ఒక గడి, ‘అందినది’ అని ఒక గడి, ‘రికార్డులో ఎక్కినట్లు చూసుకున్న తేదీ’ అని ఇంకొక గడి ఉన్నాయి. ఆ మూడవ గడి నిండేవరకు ఆ దరఖాస్తు పెండింగే. 1987లో నేను పెట్టుకోవలసిన గడి అది. ఇప్పటికైనా పెట్టుకున్నాను.